పంతులమ్మ రెండో బ్రేకు

విశాఖపట్నంలో సగం మందికి కారు నేర్పిన మనిషి కొడుకుని నేను. నాకు కారు నడపడం రాదు. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తరవాత మా నాన్నకేసి జాలిగా చూస్తారు. నాకేసి ఎవరూ చూడరు.

మా నాన్న పేరు కోరాడ సన్యాసిరావు. ఊరందరికీ సన్యాసిరావు మాస్టారు. మద్దిలపాలెంలో మా ఇంటి ముందు గదే మోటార్ డ్రైవింగ్ స్కూలు. స్కూలు మొత్తానికి ఉన్న ఆస్తి మీగడ రంగు పాత ఫియట్ కారు. నాన్న దాన్ని 'పంతులమ్మ' అంటాడు. ముందు వైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే సీటు, స్టీరింగు పక్కనే గేరు కర్ర. ఎడమవైపు మాస్టారు కూర్చునే చోట, కాళ్ళ దగ్గర ఇంకో క్లచ్చి, ఇంకో బ్రేకు. నేర్చుకునేవాడు దడుచుకుని చేష్టలుడిగి కూర్చుంటే మాస్టారు తొక్కి ఆపడానికి.

పరాయివాళ్ళకి నేర్పేటప్పుడు నాన్న గొంతు వెన్నలా ఉండేది. "కంగారేటీ లేదమ్మా, రోడ్డంతా మనదే, మెల్లగా పోనీ" అనేవాడు. నాకు పద్దెనిమిదేళ్ళు నిండగానే పంతులమ్మలో కూర్చోబెట్టిన అదే మనిషి, సందు మలుపు తిరిగేలోగా మైకు మింగినట్టు అరవడం మొదలుపెట్టాడు. "ఎడమకి! ఎడమకిరా! ఆవు! ఒరేయ్, ఆవు!" ఆ ఆవు రోడ్డుకి అవతల, గోడ పక్కన పడుకుని హాయిగా నెమరేసుకుంటోంది. రెండో రోజు హనుమంతవాక జంక్షన్లో సిగ్నల్ పడగానే నేను తలుపు తీసుకుని దిగిపోయి, సిటీ బస్సెక్కి ఇంటికొచ్చేశాను. నా వెనక జంక్షనంతా హారన్లే. ఆ తరవాత మా ఇద్దరి మధ్య ఆ ఊసు రాలేదు. నేను చదువుకుని, ఒక యంత్రాల పరిశోధనాలయంలో ఉద్యోగంలో చేరి, ఆటోల్లో తిరుగుతూ కాలక్షేపం చేస్తున్నాను.

నిరుడు నాన్నకి కుడి మోకాలికి ఆపరేషనయింది. డాక్టరు ఫర్వాలేదన్నాక స్కూలు మళ్ళీ తెరిచాడు. తెరిచిన వారంలోనే ఒక కాలేజీ కుర్రాడు కారుని చెరుకురసం బండి మీదికి పోనిచ్చాడు, నాన్న కాలు బ్రేకు మీద పడడం ఆలస్యమైంది. ఎవరికీ ఏమీ కాలేదు. గ్లాసులు మాత్రం పగిలాయి. బండాయనే, "పోన్లెండి మాస్టారూ, మా తమ్ముడు మీ దగ్గరే కదా నేర్చుకున్నాడు" అని ఊరుకున్నాడు. నాన్న ఊరుకోలేదు. ఆ సాయంత్రమే స్కూలు బోర్డు దింపించేశాడు.

"కాలు పోయిందిరా ఈశ్వరూ" అన్నాడు.

డాక్టరు మళ్ళీ మళ్ళీ చూసి, కాలు శుభ్రంగా ఉంది, బెంగ తప్ప ఏమీ లేదన్నాడు. "డాక్టరు గారికి నా కాలు సంగతి ఏటి తెలుస్తాది? ఆయనేమన్నా బ్రేకులేస్తాడేటి?" అన్నాడు నాన్న. లైసెన్సుకి ఇంకా గడువుంది. అయినా ఏడాది పాటు పంతులమ్మలో కాలు పెట్టలేదు. ఆదివారం ఆదివారం దుమ్ము దులిపి, గుడ్డతో తుడిచి, మళ్ళీ కప్పేసేవాడు.

ఆ కప్పిన గుడ్డని చూసి ఆశపడ్డాడు సత్తిరాజు గారు. ఆయన భీమిలిలో సముద్రం ఒడ్డున కొత్తగా హోటలు కట్టాడు. "మా హాల్లో నిలబెట్టేసి చుట్టూ పూలకుండీలు పెడతామండీ మాస్టారూ. వచ్చినోళ్ళంతా ఫొటోలు దిగుతారు" అన్నాడు. నాన్న సరేననేశాడు. అమ్మ ఏడిచింది, నేను దెబ్బలాడాను. వినలేదు. ఆ పై నెలలో ఒక ఆదివారం ఆర్కే బీచి నుంచి భీమిలి దాకా పాతకార్ల ఊరేగింపు ఉంది. దాంట్లో ఆఖరిసారి తిప్పి, భీమిలిలో తాళాలు సత్తిరాజు గారి చేతిలో పెట్టెయ్యాలని మాటయింది.

"మరి భీమిలి దాకా ఎవరు నడుపుతారు?" అన్నాను.

"లారీ మీద ఎక్కించేస్తే సరి."

"ఆఖరి ప్రయాణం లారీ మీదా?" అని అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. అది చూడలేక నేను నోరు జారాను. "లారీ ఎందుకు? నాన్నే నడుపుతాడు. ఆయన పాత కాలు నేను తెచ్చిస్తాను."

ఊరికే అన్న మాట కాదు. మా పరిశోధనాలయంలో నేను చేసిన యంత్రం పనే అది. పాత చెప్పు తిరగేసి చూస్తే దాన్ని తొడుక్కున్న మనిషి నడక తెలిసిపోతుంది కదా, మా యంత్రం చేసేదీ అంతే. కాకపోతే చెప్పు బదులు పెడళ్ళు, పళ్ళచక్రాలు, స్ప్రింగులు. సన్నటి వెలుతురుతో వాటి అరుగుదలంతా చదివి, ఏళ్ళ తరబడి వాటిని వాడిన మనిషి ఎంత బలంతో, ఎంత మెత్తగా, ఏ వాటంగా వాడేవాడో లెక్కగట్టి, చిన్న మోటార్లతో అచ్చం అలాగే కదిలిస్తుంది. అంతకుముందు ఒక ముసలి టైలరు కుట్టుమిషనుకి దాన్ని తగిలించాం. చేతులు వణికే ఆయన కళ్ళముందే మిషను ఆయన పాత చేతివాటంతో జాకెట్టు కుట్టేసింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆయనా కొట్టాడు. మర్నాటి నుంచి కొట్టు తెరవడం మానేశాడని తరవాత తెలిసింది. ఎందుకు మానేశాడో మేమెవ్వరం అడగలేదు.

మా డైరెక్టరు దమయంతి మేడం నా మాట వినగానే కుర్చీలోంచి లేచారు. "కారు మీద చూపిస్తే ఢిల్లీ వాళ్ళు కూడా వచ్చి చూస్తారు ఈశ్వర్! కానియ్యండి!"

పంతులమ్మని మా ఆవరణలోకి తెప్పించి, కుడివైపు పెడళ్ళు, స్టీరింగు, గేరు కర్ర, హారను, వైపరు మీట అన్నీ చదివించి, మోటార్లు తగిలించి, ఎప్పుడు తొక్కాలో చెప్పడానికి ముందు అద్దం దగ్గర చిన్న కెమెరా కన్ను పెట్టాం. నాన్నని బతిమాలి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను, దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి. మేడం ముచ్చటపడి వెనక సీట్లో ఎక్కారు. నేను మీట నొక్కాను.

ముందు హారను మోగింది. కారు కదలకుండానే, ఏకధాటిగా. తరవాత వైపర్లు ఊగడం మొదలుపెట్టాయి. ఆ తరవాత కారు కప్పలా ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టయింది, మళ్ళీ గెంతింది, మళ్ళీ ఆగిపోయింది. వెనక సీట్లో మేడం జడ ఊడిపోయింది. నేను మళ్ళీ మీట నొక్కాను, ఆగలేదు. నాన్న మాత్రం మొదట తెల్లబోయి, తరవాత చెవి ఒగ్గి విని, ఒక్కసారిగా పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. ఏడాది తరవాత ఆయన నవ్వు విన్నాను.

"ఒరేయ్, ఇది నేను కాదురా! మా స్టూడెంట్లు! ఇదిగో, ఈ గెంతు సుజాత టీచరు గారిది. క్లచ్చి వదలమంటే ప్రాణం వదలమన్నట్టు చూసీది. కదలకముందే హారను కొట్టేవోడు ఇన్సూరెన్సు అప్పారావు. వైపర్లంటావా, ఇండికేటరు వెయ్యమంటే సగం ఊరు వైపరే ఏసీది!"

కారు ఉన్నట్టుండి వెనక్కి బయల్దేరింది.

"ఎనక్కి చూడకుండా ఎల్తన్నాడు చూశావా? వీడిప్పుడు పెద్ద లాయరు" అని నాన్న మురిసిపోయాడు. కారు పోయి మా పరిశోధనాలయం సైకిళ్ళ షెడ్డుని గుద్దుకుని ఆగింది. మేడం దిగి, చీర సర్దుకుని, నాతో మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయారు.

తప్పు నాదే. ఇన్నేళ్ళలో ఆ కుడివైపు సీట్లో నాన్న కూర్చున్నది ఎంతసేపని? కారుని ఇంట్లో పెట్టడానికి, తియ్యడానికి, ఎప్పుడైనా అమ్మని గుడికి తీసుకెళ్ళడానికి, అంతే. ఆ పెడళ్ళని అరగదీసింది ఊరు. ఇంత చిన్న సంగతి పెద్ద చదువులు చదివిన మా బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.

నాన్న కళ్ళు తుడుచుకుంటూ దిగి, ఎడమ తలుపు తీసి, లోపలికి వేలు చూపించాడు. "నేనుండేది ఇక్కడరా."

ఎడమవైపు బ్రేకు రబ్బరు ఒక అంచున కాగితంలా పల్చబడి ఉంది. దాన్ని చదివించి, మోటారు తగిలించి, మీట నొక్కాం. అద్దం ముందు ఒక అట్టపెట్టెని అడ్డంగా లాగించాను. పెడల్ కదిలింది. నొక్కింది అనడానికి కూడా లేదు, అలా దిగింది, మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకున్నట్టు ఆగి, మళ్ళీ దిగింది. చూడ్డానికొచ్చిన అమ్మ చటుక్కున నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. "మీ నాన్నేరా! నన్ను అప్పన్న కొండకి తీసుకెళ్ళినప్పుడల్లా ఇలాగే కదా ఆపేవోరు!"

నాన్న ఆ పెడల్‌కేసి చాలాసేపు చూశాడు. పక్కింటివాళ్ళ అబ్బాయికి ర్యాంకొస్తే అన్నట్టు, "బాగుంది" అన్నాడు. తరవాత మెల్లగా, "నాకన్నా బాగుంది" అన్నాడు. నాకు టైలరు గుర్తొచ్చాడు. పని తొందరలో మర్చిపోయాను.

ఇంక మిగిలింది కుడివైపు ఎవరు కూర్చోవాలన్నది. యంత్రాన్ని కూర్చోబెడితే సుజాత టీచరు గారు వస్తారు. ఎడమవైపు ఎలాగూ నాన్న పాత కాలు ఉంటుంది కదా అన్న ధైర్యంతో నేను లెర్నింగు లైసెన్సు తీసుకుని, మా సంస్థ జీపు డ్రైవరు దగ్గర ఆవరణలోనే చాటుగా నేర్చుకున్నాను. సన్యాసిరావు మాస్టారి కొడుకు ఇంకొకడి దగ్గర డ్రైవింగు నేర్చుకున్నాడని బయటికి పొక్కితే మా నాన్న పరువు ఉంటుందా?

ఆ ఆదివారం వచ్చింది. అమ్మ తెల్లారకుండానే లేచి పంతులమ్మకి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఎడమ సీటు కింద ఉన్న నా యంత్రం డబ్బాని చూసి, "దీనికో?" అంది.

"దానికేం అక్కర్లేదమ్మా."

"అయ్యో, ఇయ్యాల్టి పనంతా దానిదే కదా!" అంటూ డబ్బాకి గంధం రాసి, మధ్యలో గుండ్రంగా ఆకుపచ్చగా వెలుగుతున్న చోట చక్కగా సరిపోయేలా కుంకుమ బొట్టు పెట్టేసింది. అది యంత్రం పనిచేస్తోందని చెప్పే దీపం. తుడవబోయాను. "బయల్దేరేటప్పుడు బొట్టు చెరపకు!" అని చేతి మీద కొట్టింది. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు బానెట్టు మీదా, సీట్ల మీదా, మా ఇద్దరి నెత్తి మీదా శాస్త్రోక్తంగా చిలకరించింది. నాన్న ఎడమ తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు, ఎక్కడు.

"ఎక్కు నాన్నా."

"ఎక్కి కాలెక్కడ పెట్టుకోను?"

"ఎప్పుడూ పెట్టేచోటే. బ్రేకు మీద ఊరికే ఆనించు. తొక్కకు, అదే తొక్కుతుంది. నువ్వు దర్జాగా కూర్చో."

"దర్జాగా" అన్నాడు నాన్న, చేదు మాత్ర మింగినట్టు. ఎక్కాడు.

బీచికి చేరేసరికి అక్కడ తిరనాళ్ళలా ఉంది. ఆకుపచ్చ మోరిస్, నల్లటి డాడ్జ్, పైకప్పు మడిచిన హెరాల్డు, అద్దంలా మెరిసే అంబాసిడర్లు. దిగిన మరుక్షణం నుంచి నాన్న నాన్న కాదు, పదేళ్ళ పిల్లాడు. ఒక బానెట్టు మీద చెవి పెట్టి విన్నాడు, ఇంకోదాని తలుపు తెరిచి మూసి ఆ చప్పుడుకి తలూపాడు. డాడ్జ్ సీటు తోలు వాసన చూసి, "రా, నువ్వూ చూడు" అని నా తల పట్టుకుని లోపలికి దూర్చాడు. నిజంగానే ఎంత బాగుందో ఆ వాసన! పాత పుస్తకాలూ పెట్రోలూ కలిసిన వాసన. ఇద్దరం పొద్దెక్కేదాకా ఒక్కో కారు చుట్టూ ప్రదక్షిణాలు చేశాం. ఇన్నేళ్ళలో మేమిద్దరం కలిసి ఒక సెలవురోజు గడిపింది లేదని నాకప్పుడు తట్టింది. కార్ల యజమానుల్లో సగం మంది నాన్న శిష్యులే. అందరూ వచ్చి దణ్ణాలు పెట్టారు, అందరి కళ్ళూ పంతులమ్మకి తగిలించిన బోర్డు మీద పడ్డాయి.

"మాస్టారూ, పాతకార్ల ఊరేగింపులో ఎల్ బోర్డేటండీ?"

"మావోడండి. కాస్త ఆలీసెంగా మొదలెట్టాడు" అన్నాడు నాన్న, నా వీపు తడుతూ.

ఊరేగింపు కదిలింది. నేను స్టీరింగుని రెండు చేతులా గట్టిగా కౌగిలించుకుని పోనిస్తున్నాను. జోడుగుళ్ళపాలెం దగ్గర ఒక కుక్క రోడ్డు మధ్యలో కూర్చుని గోక్కుంటోంది. నేను ఆలోచించేలోగా కారు మెత్తగా నెమ్మదించి, కుక్క గోక్కోవడం పూర్తయ్యేదాకా ఆగింది.

"చూశావా నాన్నా!"

"చూశాను. కాలు కింద అదే దిగిపోయింది. నీ డబ్బా బానే పని చేస్తంది." మోకాలి మీద చెయ్యి వేసుకుని అన్నాడు, "నా కాలు నన్నొదిలేసి దాంట్లోకి ఎల్లిపోయిందన్నమాట. పోన్లే, ఎక్కడో చోట ఉంది."

నేను గేరు మార్చాను. గేరు కర్ర కర్రుమంది.

"ఎవడ్రా నేర్పాడు నీకు?" అన్నాడు నాన్న. కానీ అరవలేదు. వెన్నలాంటి గొంతుతోనే, "క్లచ్చి పూర్తిగా తొక్కు నాయనా. కంగారేటీ లేదు, రోడ్డంతా మనదే" అన్నాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు నేను వినాలనుకున్న గొంతు అది. కళ్ళల్లో నీళ్ళు తిరిగి రోడ్డు మసకబారింది. కారు మళ్ళీ నెమ్మదించింది.

ఋషికొండ దగ్గర ఆగి మురీ మిక్చరు తిన్నాం. నాన్న బానెట్టుకి చేరగిలబడి మోకాలు రుద్దుకుంటున్నాడు. "ఏ పనీ చెయ్యకుండా కూర్చున్నా పీకేస్తంది వెధవ కాలు." దిగుడులో, "ఇంజను ఆపేసి న్యూట్రల్లో వదిలెయ్, పెట్రోలు కలిసొస్తాది" అని ఆయన తరంవాళ్ళ అలవాటు నాకూ అంటగట్టబోయాడు. నేను ఒప్పుకోలేదు. దిగుడు పొడుగునా ఎడమ బ్రేకే కారుని మెత్తగా పట్టి దింపింది.

మంగమారిపేట మలుపులో అసలు సంగతి జరిగింది. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ నిలిపి ఉన్న బస్సు వెనక నుంచి చటుక్కున ముందుకొచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బ్రేకనుకుని నేను తొక్కింది ఎక్సిలేటరు. పంతులమ్మ గర్జించింది. మరుక్షణమే ఆగింది. ముసలమ్మ బుట్టలోంచి ఒక చేప జారి మా బానెట్టు మీద పడింది. అంత దగ్గర.

"కళ్ళు నెత్తికెక్కాయేట్రా! తగలెట్టీగల్రు!" అని తిట్టి, చేపని తీసుకుని ఆవిడ దారిన ఆవిడ వెళ్ళిపోయింది. మేమిద్దరం బిగుసుకుపోయి కూర్చున్నాం. నేను నాన్నకేసి తిరిగాను.

"నాన్నా, అరవలేదేం?"

"ఎందుకు అరుస్తాను?"

"అప్పుడు అరిచావుగా. అంత దూరాన పడుకున్న ఆవుని చూసి."

నాన్న సముద్రంకేసి చూస్తూ అన్నాడు. "పరాయి పిల్లలు కూకుంటే నాకు రోడ్డు కనిపించీది. నువ్వు కూకుంటే నువ్వే కనిపించీవోడివి. ఏదన్నా అయితే మీ అమ్మకి ఏటి చెప్పాలి అన్నదొక్కటే. కాలు వణికిపోయీది, నోరు లేచిపోయీది. ఇప్పుడంటే నీ డబ్బా ఉంది. దానికి కొడుకు లేడు కదా. దానికి భయమేటి?"

పక్కకి ఆపి దమయంతి మేడానికి ఫోన్ చేశాను. "మేడం, పని చేసింది! మనిషి ప్రాణం కాపాడింది!" సైకిళ్ళ షెడ్డు తరవాత మేడం నాతో మొదటిసారి నవ్వారు. "ఢిల్లీ వాళ్ళకి ఇప్పుడే చెప్తున్నాను ఈశ్వర్. రేపే బయల్దేరమంటాను!" నేను చేసిన యంత్రం! భీమిలి దాకా ఈల వేసుకుంటూ నడిపాను. నాన్న మాత్రం డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి, అలా రాస్తూ కూర్చున్నాడు.

హోటలు మెట్ల దగ్గర సత్తిరాజు గారు పూలదండతో సిద్ధంగా ఉన్నాడు. అద్దాల తలుపుల్లోంచి లోపలి హాలు కనిపిస్తోంది. మధ్యలో ఎర్ర తివాచీ, దాని చుట్టూ ప్లాస్టిక్ పూలకుండీలు. పంతులమ్మ ఇంక కదలకుండా నిలబడే చోటు. నాన్న తాళాలు తీసి, ఒకసారి గుప్పిట్లో పట్టుకుని, ఆయన చేతిలో పెట్టేశాడు. తరవాత మళ్ళీ వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు, తలుపు తెరిచే ఉంచి. "డబ్బా విప్పుకో. అందాకా కూకుంటాను."

నేను వంగి యంత్రం డబ్బాని సీటు కింద నుంచి లాగాను. ఎందుకో చీమలు పట్టి ఉన్నాయి. ఎండిపోయిన కుంకుమ బొట్టుని వేలితో గీకాను. కింద దీపం వెలగడం లేదు. మూత విప్పాను. లోపల కొబ్బరినీళ్ళు అట్టకట్టి ఉన్నాయి, తీగల మధ్య ఒక కొబ్బరి ముక్క ఇరుక్కుని ఉంది. ఫ్యూజు మాడి మసైపోయింది. నా ఫోనుకి తగిలించి చూస్తే, యంత్రం జ్ఞాపకంలో ఉన్నదల్లా మా ఇంటి ముందు పూజ దాకానే. ఆ తరవాత ఖాళీ. మద్దిలపాలెం దాటక ముందే అది చచ్చిపోయింది.

కుక్క దగ్గర ఆపింది అది కాదు. చేపల ముసలమ్మ దగ్గర ఆపింది అది కాదు.

అబద్ధమెందుకు, ఒక్క క్షణం మూత మళ్ళీ వేసేద్దామనిపించింది. ఢిల్లీ వాళ్ళు రేపు బయల్దేరుతున్నారు. మేడం నవ్వారు. తడిసింది తిరుగుప్రయాణంలో అని చెప్పేస్తే ఎవరడుగుతారు? తలెత్తి చూశాను. నాన్న కుడికాలు ఇంకా ఆ బ్రేకు మీదే ఆని ఉంది, అలవాటుగా, మెత్తగా. కొట్టు మూసేసిన టైలరు ఎదురుగా నిలబడ్డట్టయింది.

"నాన్నా, యంత్రం పని చెయ్యలేదు."

"ఇప్పుడు పాడయిందేటి?"

"పొద్దుటే పాడయింది. అమ్మ కొబ్బరినీళ్ళు పడి. ఇంటి దగ్గరే పోయింది."

నాన్నకి అర్థం కాలేదు. "మరి కుక్క దగ్గర?"

"నువ్వే."

"ఋషికొండ దిగుడులో?"

"నువ్వే."

"ముసలమ్మ..."

"నువ్వే నాన్నా! దాంట్లో పొద్దుట్నుంచీ ప్రాణం లేదు. ప్రతి బ్రేకూ నువ్వే వేశావు. అదే దిగుతోందనుకుంటూ నువ్వే తొక్కావు!"

నాన్న తన కాలుకేసి చూసుకున్నాడు, చాలా రోజులకి ఊరినుంచొచ్చిన చుట్టాన్ని చూసినట్టు. చెప్పు విప్పి వేళ్ళు కదిపి చూశాడు.

"అందుకేనేటి ఇంతలా పీకేస్తంది" అన్నాడు. రెండు చేతులతో మొహం కప్పుకుని, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీకుండా ఊగిపోయాడు. నేనూ అంతే. సత్తిరాజు గారు దండ పట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

నాన్న మొహం తుడుచుకుని దిగాడు. నేరుగా వెళ్ళి సత్తిరాజు గారి చేతిలోంచి తాళాలు తీసుకున్నాడు.

"అదేటండీ మాస్టారూ! మరి మా హాలు?"

"పూలకుండీలు బాగున్నాయి కదండీ. అవి ఉంచీయండి" అని కారు చుట్టూ తిరిగొచ్చి, కుడివైపు తలుపు తీసి, స్టీరింగు ముందు కూర్చోబోతున్న నన్ను భుజంతో నెట్టాడు. "జరుగు."

ఎల్ బోర్డు విప్పేసి, పొడుగాటి సీటు మీద ఎడమ చివరికి జరిగాను. ఈలోగా మేడం ఫోను. ఢిల్లీ వాళ్ళకి టిక్కెట్లు తీసుకోమని చెప్పేశారట. "వద్దని చెప్పండి మేడం. యంత్రం పని చెయ్యలేదు. మా నాన్న పని చేశారు" అన్నాను. అవతల టక్కున ఫోను పెట్టేశారు. రేపు నా గతేమిటో తెలీదు. పొద్దున్నే ఆఫీసుకి వెళ్తూ ముందు ఆ టైలరు ఇంటికి వెళ్ళాలనుకున్నాను.

నాన్న గేరు వేశాడు. కర్రుమనలేదు. పంతులమ్మ నీళ్ళ మీద పడవలా బయల్దేరింది. ఏడాది తరవాత చేతికి చిక్కిందేమో, భీమిలి దాటేసరికే గాలిలో తేలిపోతున్నాడు. మలుపులో ఎదురుగా బస్సొచ్చింది. నా కాలు నాకు తెలీకుండానే ఎడమ బ్రేకు మీదికి పోయింది. పోతే పోయింది, నోరు కూడా లేచింది.

"ఎడమకి! ఎడమకి నాన్నా! మెల్లగా! ఆవు! నాన్నా, ఆవు!"

ఆవు ఎక్కడో ఇసుక తిన్నెల మీద, సముద్రంకేసి తిరిగి నిలబడి ఉంది. నాన్న దానికేసి చూశాడు, నాకేసి చూశాడు, బ్రేకు మీద వణుకుతున్న నా కాలుకేసి చూశాడు.

"ఇలాగ్గానీ అరిచావంటే," అన్నాడు వెన్నలాంటి గొంతుతో, "ఋషికొండ దగ్గర దిగిపోయి సిటీ బస్సెక్కి ఇంటికెల్లిపోతాను."